ఊడిన పన్నును ఏం చేయాలి? పిల్లల పళ్ళ గాయాలపై అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవి సెలవుల్లో తొమ్మిదేళ్ళ బాబును ఎత్తుకుని ఒక తల్లి మా క్లినిక్‌కి పరుగున వచ్చింది. పొద్దున్నే బీచ్ రోడ్డులో స్కేటింగ్ చేస్తూ పడ్డాడట. పై వరసలో ముందు పన్ను వేరుతో సహా ఊడిపోయింది. "సబ్బుతో బాగా కడిగే తెచ్చానండి" అంటూ పర్సులోంచి టిష్యూ పేపర్ పొట్లం తీసింది. ఇంటికెళ్ళి, రక్తం మరకల చొక్కా మార్చి, వచ్చేసరికి గంటన్నర దాటింది. అప్పటికే పన్ను పూర్తిగా ఎండిపోయింది. ఆమె తప్పు ఏమీ లేదు, ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఊడిన పన్ను ఇక పనికిరాదు. తెచ్చినా సబ్బుతో కడిగి, తుడిచి తేవాలి.

వాస్తవం: పర్మనెంట్ పన్నయితే మళ్ళీ అదే గుంటలో పెట్టవచ్చు. దాని వేరు చుట్టూ కంటికి సరిగా కనిపించని సన్నటి పొర ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది అదే, అందులోవి బతికున్న కణాలు. సబ్బు, డెట్టాల్, గుడ్డతో రుద్దడం వాటిని చంపేస్తాయి. గాలికి ఎండితే గంటలోపే దాదాపు అన్నీ చనిపోతాయి. అందుకే మొదటి పది పదిహేను నిమిషాల్లో మీరు చేసే పని, తర్వాత నేను చేసే వైద్యం కన్నా విలువైనది.

పన్నును తెల్లటి భాగం దగ్గరే పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు. మట్టి ఉంటే పాలతోనో, చల్లటి నీటి ధార కిందో పది సెకన్లు కడిగితే చాలు. పక్క పన్ను చూసుకుని, ముందు వైపు ముందుకే ఉండేలా ఆ గుంటలో మెల్లగా పెట్టేయండి. శుభ్రమైన చేతిరుమాలు కొరికి పట్టుకోమని పిల్లవాడికి చెప్పి, వెంటనే బయల్దేరండి. చదువుతుంటేనే భయం వేస్తుందని నాకు తెలుసు. అయినా చాలామంది తల్లిదండ్రులు ఈ పని చేయగలరు.

చేతులు ఆడకపోతే పాలలో వేసి తీసుకురండి. చక్కెర కలపని చల్లటి పాలు ఏవైనా సరే. ఏ సందులోనైనా టీ కొట్టు ఉంటుంది, పాల ప్యాకెట్ దొరుకుతుంది. పాలు దొరక్కపోతే గ్లాసులో పిల్లవాడి చేతే ఉమ్మించి ఆ ఉమ్మిలో ఉంచండి. మామూలు నీళ్ళు అంత మంచివి కావు, కానీ ఎండిపోనివ్వడం కన్నా నయమే. బీచ్‌లో పడితే చాలామంది సముద్రపు నీళ్ళలోనో, కొబ్బరి నీళ్ళలోనో ముంచుతారు. సముద్రపు నీళ్ళు అస్సలు వద్దు. కొబ్బరి నీళ్ళకు పులుపు గుణం ఉంటుంది, పాలే మేలు.

గాజువాక వైపు నుంచి ఒక స్కూల్ పీఈటీ మాస్టారు మూత ఉన్న స్టీలు డబ్బాలో పాలు పోసి, అందులో పన్ను వేసి, పాపను బండి మీద తీసుకొచ్చారు. దెబ్బ తగిలి అరగంట కూడా కాలేదు. పన్ను లోపల పెట్టి, పక్క పళ్ళకు సన్నటి తీగతో రెండు వారాలు కట్టి ఉంచాం. మెత్తటి అన్నం, మెత్తటి బ్రష్, ఆటలకు సెలవు. ఆ పన్ను ఇప్పటికీ నిలిచే ఉంది, చెకప్‌లకు పాప వస్తూనే ఉంది.

అపోహ: పాల పన్ను ఊడినా అలాగే తిరిగి పెట్టాలి.

వాస్తవం: వద్దు. లోపల తయారవుతున్న పర్మనెంట్ పన్ను మొలకకు దెబ్బ తగులుతుంది. పిల్లలకు ముందు పళ్ళు సాధారణంగా ఆరు, ఏడేళ్ళకు మారడం మొదలవుతాయి, కాబట్టి ఐదేళ్ళ లోపు ఊడింది పాల పన్నే అనుకోవచ్చు. కొత్త పన్ను పెద్దగా, అంచు రంపం పళ్ళలా ఉంటుంది. ఏదో తెలియకపోతే గుంటలో పెట్టకుండా పాలలో వేసి తెండి. పాల పన్నయితే మీ ఇంటి అలవాటు ప్రకారం పైకప్పు మీదికి విసరవచ్చు, కానీ ముందు నాకు చూపించండి. ఎక్కడా దొరకని పన్ను ఒక్కోసారి చిగురులోకి దిగబడి ఉంటుంది, లేదా ఊపిరిగొట్టంలోకి పోయి ఉంటుంది.

విరిగిన ముక్క కూడా పారేయకండి. నీళ్ళలో వేసి తెస్తే చాలాసార్లు అదే ముక్క అతికించగలం. పెదవి కూడా చిట్లి, ముక్క కనబడకపోతే పెదవి లోపల వెతకాలి.

అపోహ: పాల పళ్ళు ఎలాగూ ఊడేవే, నొప్పికి లవంగ నూనె చాలు.

వాస్తవం: వెనక పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ వరకు ఉంటాయి. అంతకాలం పుచ్చు లోపలికి పోతూనే ఉంటుంది. దూదితో లవంగ నూనె అద్దితే చిగురు కాలి తెల్లబడ్డ పిల్లలను చాలామందిని చూశాను. ఆస్పిరిన్ బిళ్ళ పంటి మీద పెట్టడం ఇంకా ప్రమాదం. పిల్లలకు ఆస్పిరిన్ మింగించడమూ వద్దు. బరువును బట్టి పారాసిటమాల్ ఇచ్చి, పొద్దున్నే తీసుకురండి. బుగ్గ వాస్తే వేడి కాపడం పెట్టకండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి వాడకండి, చీము ఉన్న పన్నుకు వైద్యం చేస్తే తప్ప అది తగ్గదు.

"పై పన్ను తీయిస్తే చూపు పోతుందటగా డాక్టర్ గారూ?" అని ఇప్పటికీ నానమ్మలు అడుగుతారు. పోదమ్మా. పంటి నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. చీము పట్టిన పై పన్నును తీయించకుండా వదిలేస్తేనే ఆ ఇన్ఫెక్షన్ కంటి దాకా పాకే ప్రమాదం ఉంది.

వాపు కంటి కిందికి గానీ, దవడ కిందికి గానీ పాకినా, జ్వరం ఉన్నా, పిల్లవాడు నోరు తెరవలేకపోయినా, ఉమ్మి మింగలేక కార్చుకుంటున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్ళండి. పడ్డప్పుడు స్పృహ తప్పినా, వాంతులు అయినా ముందు తలను చూపించండి. పన్నును మాత్రం పాల గ్లాసులో వెంట తీసుకెళ్ళండి, ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో అక్కడ చెప్పండి.