గడ్డపార ఉంది కదా అనుకుంటే సరిపోదు: అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో షట్టర్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు మాది. తలుపు బిగుసుకుపోయింది, లోపల గడియ పడింది అంటూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఇలాంటప్పుడు తలుపు సందులో దూర్చి తెరవడానికి ఇంట్లో ఒక చదును కొన రాడ్ పెట్టుకోండి అంటే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "గడ్డపార ఉంది కదన్నా!"

అసలు నష్టం ఈ మాటతోనే. గడ్డపార ఉన్నది గుంతలు తవ్వడానికి, బండలు లేపడానికి. నిలువెత్తు గడ్డపారను బాత్రూమ్ ముందున్న ఇరుకులో తిప్పే జాగా ఉండదు. దాని కొన మందం, తలుపుకీ ఫ్రేముకీ మధ్య సందులో దిగదు. దిగకపోయేసరికి పొడవడం మొదలుపెడతారు. లోపలి మనిషి తలుపుకు ఆనుకునే పడి ఉంటే?

పానగల్లు వైపు ఒక ఇంట్లో అవ్వ స్నానాల గదిలో జారిపడింది. నేను పోయేసరికి కొడుకు పీవీసీ తలుపును గడ్డపారతో నడిమధ్య పొడుస్తున్నాడు. ముక్కలు లోపలికి పడుతున్నాయి. "ఆగు తమ్మీ, అవ్వకు తగుల్తది" అని చెయ్యి పట్టుకున్నా. అతణ్ని తప్పుపట్టలేం, తల్లి మూలుగుతుంటే ఎవరి చేతులు ఆగుతాయి? గడియ ఎంత ఎత్తులో ఉందో కోడలిని అడిగి, సరిగ్గా అక్కడ రాడ్ కొన పెట్టి, సుత్తితో మెల్లగా దింపి ఒత్తా. గడియ స్క్రూలు ఊడి టైల్స్ మీద రాలిన చప్పుడు. తలుపు కాస్త తెరుచుకోగానే లోపలి నుంచి అవ్వ, "ముందు నా చీర ఇయ్యిండ్రి" అన్నది.

కాబట్టి రాడ్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది దాని కొన. 18 నుంచి 24 అంగుళాల పొడవు, ఒక చివర పలచని చదును కొన, రెండో చివర వంపు. ఇంటికి ఇది చాలు. బరువుంటేనే బలం అనుకోవద్దు. రాడ్ ఆనే చోటు నుంచి కొన 2 అంగుళాలు, మీ చెయ్యి 20 అంగుళాల దూరంలో ఉంటే, మీరు వేసే 30 కిలోల ఒత్తిడి కొన దగ్గర దాదాపు 300 కిలోలు అవుతుంది. పని చేసేది పొడవు, బరువు కాదు.

టీఎంటీ సలాక ముక్కకు సాన పట్టించి ఇవ్వమని అడుగుతారు. ఇవ్వను. దాని గట్టిదనం పై పొరలోనే ఉంటుంది, లోపల మెత్తన. సాన పడితే ఆ పొరే పోయి కొన వంగుతుంది. లారీ కమాన్ పట్టీ మంచి ఉక్కే. కానీ దాన్ని కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచి వదిలేస్తే పెళుసై విరుగుతుంది, మళ్లీ కాస్త వేడి చూపించి ఆ పెళుసుదనం తగ్గించాలి. పని తెలిసిన కమ్మరి దగ్గరే చేయించండి.

స్క్రూడ్రైవర్, కత్తి అయితే విరిగి ముక్క కంట్లో పడొచ్చు. జీఐ పైపు నలిగిపోతుంది. టైటానియం తేలికే, తుప్పు పట్టదు, కానీ అదే కొలతలో స్టీలు కంటే ఎక్కువ వంగుతుంది, డబ్బులూ ఎక్కువే. రాడ్ ఉంటే కిటికీ గ్రిల్ ఊడదీయొచ్చు అనేది కూడా వట్టి మాట. గోడలో దిగిన గ్రిల్ అంత తేలిగ్గా రాదు. ఆపదలో బయటపడడానికి ఒక కిటికీకైనా కబ్జాలతో తెరుచుకునే గ్రిల్ చేయించుకోండి, తాళంచెవి లోపల దగ్గర్లోనే వేలాడదీయండి.

కారు హెడ్‌రెస్ట్ అద్దం పగలగొట్టడానికే పెట్టారని వాట్సాప్‌లో తిరిగే వీడియో నమ్మకండి. అది మెడను కాపాడడానికి. వేరే దారి లేనప్పుడు దాని కడ్డీ పనికొస్తే రావచ్చు. ముందు అద్దం జోలికి పోవద్దు, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ఊడిరాదు. పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టండి. హైవే మీద యాక్సిడెంట్ అయిన కారు అయితే ముందు 112కు చెయ్యండి. పేలని ఎయిర్‌బ్యాగులు ఉండొచ్చు కాబట్టి పైకప్పు అంచుల్లో, తలుపుల మధ్య స్తంభాల్లో రాడ్ దూర్చకండి.

రాడ్‌ను అటక మీద పడేయకుండా పడకగదిలోనో, తలుపు వెనకో పెట్టండి. కారులో అయితే డిక్కీలో కాదు, సీటు కింద బెల్టుతో కట్టేసి ఉంచండి. విడిగా ఉంటే సడన్ బ్రేక్ వేసినప్పుడు వచ్చి మీకే తగులుతుంది.