పుట్టిన దీవులన్నీ నిలవవు

ఐస్‌లాండ్‌లో లావా పారే వీడియోలు వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా తిరుపతిలో ఎవరో ఒకరు అడుగుతారు: "మన ఏడుకొండలు కూడా అట్నే పుట్టినాయా సార్?" లేదు. తిరుమల కొండల పైభాగం ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక. అదే గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. దాని కింద ఇంకా పాత గ్రానైట్ ఉంది. ఆ రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డులోనే కనిపిస్తుంది, బస్సు కిటికీలోంచి ఎవరూ పట్టించుకోరు గానీ.

సముద్రంలో లేచే దీవుల కథ వేరు. అట్లాంటిక్ నడిమధ్యన, నీళ్ల అడుగున, ఒక పర్వతశ్రేణి ఉత్తరం నుంచి దక్షిణం దాకా సాగుతుంది. అక్కడ భూఫలకాలు, అంటే భూమి పైపొర పలకలు, ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతుంటే, ఆ సందులోంచి శిలాద్రవం ఉబికి వస్తుంది. శ్రేణి నెత్తిన చీలిక లోయ ఉందని అమెరికా భూవిజ్ఞాని మేరీ థార్ప్ 1950లలో పటం గీసి చూపితే, సహోద్యోగి బ్రూస్ హీజెన్ 'ఆడవాళ్ల కబుర్లు' అని కొట్టిపారేశాడు. తర్వాత ఒప్పుకోక తప్పలేదు.

శిలాద్రవం ఎక్కువగా ఉబికిన చోటే శ్రేణి నీటిపైకి వస్తుంది: ఐస్‌లాండ్, పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులు అలాంటివే. వచ్చినంత మాత్రాన నిలవదు. 1811లో అజోర్స్ దగ్గర ఒక దీవి లేస్తే బ్రిటిష్ కెప్టెన్ టిలార్డ్ దిగి జెండా పాతి, తన ఓడ పేరే పెట్టాడు, సబ్రినా అని. కొన్ని నెలల్లో అలలు దాన్ని ఆనవాలు లేకుండా చేశాయి. ఎవరిదన్న తగువు సముద్రమే తీర్చేసింది!

శిలాద్రవానికి సముద్రపు నీళ్లు తగిలితే పేలి బూడిదవుతుంది. బూడిద గుట్ట అలలకు ఎంతసేపు ఆగుతుంది? శిలాద్రవం వచ్చే బిలంలోకి నీళ్లు రావడం ఆగితేనే లావా పారి, గుట్ట మీద రాతి కప్పు పడుతుంది.

ఐస్‌లాండ్ దక్షిణాన సర్ట్‌సీ అనే దీవికి ఆ అదృష్టం పట్టింది. 1963 నవంబర్ 14న చేపల పడవ వాళ్లు పొగ చూసి, ఏదో ఓడ తగలబడుతోందనుకున్నారు. 1964 ఏప్రిల్‌లో లావా పారడం మొదలైంది. 1967 జూన్‌లో అంతా చల్లబడేసరికి దీవి 2.7 చదరపు కిలోమీటర్లు. పక్కనే లేచిన రెండు చిన్న దీవులు మాత్రం నెలల్లోనే పోయాయి.

2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన సర్ట్‌సీలో శాస్త్రవేత్తలు తప్ప ఎవరూ దిగకూడదు. ఒకసారి అక్కడ టమోటా మొక్క మొలిచింది. ఎవరో బహిర్భూమికి వెళ్లిన ఫలితమని తేల్చి పీకేశారు. మదనపల్లె మార్కెట్ ఎరిగిన మనకు అది కాస్త అన్యాయంగానే తోస్తుంది. దీవి ఇప్పటికే సగానికి తగ్గింది. కోతకు లొంగని గట్టి రాయి మాత్రం చాలాకాలం ఉంటుందని అంచనా. చుట్టుపక్కల చిన్న దీవులు అలా మిగిలినవే.