సగం ఆటలు ఓడిపోవాలని రాసిపెట్టి ఉంది

ఆన్‌లైన్ చదరంగం ఆడేవాళ్లలో చాలామందికి ఒక సంగతి తట్టదు. ఆ యాప్ మీరు సగం ఆటలు ఓడిపోయేలాగే తయారైంది. మీ రేటింగ్, అంటే మీ ఆట బలం ఎంతో చెప్పే అంకె, 1200 అయితే ఎదురుగా కూర్చోబెట్టేది ఇంచుమించు 1200 వాడినే. నానా తిప్పలూ పడి 1500కి ఎక్కారనుకోండి, అప్పుడు ఎదురయ్యేదీ 1500 వాడే. డ్రాల సంగతి పక్కన పెడితే, అప్పుడూ సగం ఓటములే, ఇప్పుడూ సగం ఓటములే. తమకు సమఉజ్జీ దొరకని కొద్దిమంది మహామహుల్ని మినహాయిస్తే అందరి గతీ ఇదే. వాలరెంట్ లాంటి జట్టు ఆటల్లోనూ ర్యాంకు చూసే జోడీలు కలుపుతారు కాబట్టి అక్కడా పెద్ద తేడా ఉండదు.

అంటే ఆట మెరుగుపడిందో లేదో గెలుపు శాతం చూసి తెలుసుకోలేం. తెలుసుకోవడానికి మిగిలేది ఒక్క రేటింగే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఈ రేటింగ్ లెక్క కనిపెట్టిన ఆర్పాడ్ ఎలో హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు, చదరంగం బాగా ఆడేవాడు. ఆయన పద్ధతిని 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో ప్రపంచ సమాఖ్య ఫిడే తీసుకున్నాయి. సూత్రం తేలికే. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, పైవాడికి నూరు ఆటల్లో, గెలుపుకి ఒకటి, డ్రాకి అర చొప్పున, 76 పాయింట్ల దాకా వస్తాయని అంచనా. తేడా 400 అయితే 91. అంచనా కన్నా ఎక్కువ సాధిస్తే రేటింగ్ పెరుగుతుంది, తగ్గితే తరుగుతుంది. ఇప్పటి ఆన్‌లైన్ వేదికలు ఎక్కువగా వాడేది మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్త 1990ల్లో తయారుచేసిన గ్లికో పద్ధతిని, లేదా దాని తర్వాతి రూపాన్ని. అందులో మీ రేటింగ్ పక్కనే ఇంకో సంఖ్య దాగి ఉంటుంది. మీ రేటింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే సంఖ్య అది. కొత్తగా చేరినవాళ్ల రేటింగ్ ఒక్క ఆటకే అంతలా ఎగిరి పడేది, చాలాకాలం ఆడకుండా తిరిగొస్తే మళ్లీ ఊగేది అందుకే. మీ బలం ఎంతో తనకే సరిగ్గా తెలియదని ఆ పద్ధతే ఒప్పుకుంటోంది. మనం మాత్రం ఒప్పుకోం.

రేటింగ్‌ను రోజూ బరువు తూచుకునే మెషిన్‌లా చూస్తే సరిపోతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ అరకిలో తేడా వస్తే ఒంట్లో కొవ్వు పెరిగినట్టు కాదు కదా. చిన్న లెక్క వేద్దాం. సమఉజ్జీతో ఆడే ఒక్కో ఆటకు గెలిస్తే 8 పాయింట్లు వస్తాయి, ఓడితే 8 పోతాయనుకోండి. ఆటలో రవ్వంత మార్పు లేని మనిషి రేటింగ్ కూడా తన అసలు స్థాయికి అటూ ఇటూ 70 పాయింట్ల దాకా తిరుగుతూనే ఉంటుంది. నిజంగా 1200 స్థాయి మనిషి ఒకవారం 1260లో కనబడతాడు, ఇంకోవారం 1140కి జారతాడు. మొదటివారం తానో మేధావినని, రెండోవారం తన బుర్రలో బంకమట్టి ఉందని అనుకుంటాడు. రెండూ నిజం కాదు.

వరస ఓటములూ అంతే. నాణెం 100 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరసగా ఐదు బొరుసులు పడే అవకాశం 81 శాతం. సగం సగం గెలిచే ఆటగాడికి నూరు ఆటల్లో ఐదు ఓటములు వరసగా రావడం మామూలు విషయమన్నమాట. కానీ ఆ ఐదో ఓటమి దగ్గర కూర్చున్న మనిషికి నాణేలు గుర్తుకు రావు. ‘నాకేదో అయింది’ అనే అనిపిస్తుంది.

ఎందుకలా అనిపిస్తుందంటే, మనసు గెలుపునీ ఓటమినీ ఒకే తూకంతో తూచదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ఈ సంగతి సిద్ధాంతంగా చెప్పారు. 1992లో డబ్బు పందేల మీద చేసిన ప్రయోగంలో, నష్టం తాలూకు బరువు అంతే లాభం బరువు కన్నా సుమారు 2.25 రెట్లు ఉందని తేల్చారు. ఈ అంకె అన్ని సందర్భాల్లోనూ ఇంతే ఉండదని తర్వాతివాళ్లు వాదించారు, ఆటలకు దాన్ని యథాతథంగా అతికించడమూ కుదరదు. సరదాకి అతికించి చూస్తే మాత్రం ఇరవై ఆటల్లో పది గెలిచి పది ఓడినవాడి మనసు ఖాతాలో జమ 10, ఖర్చు 22.5. యాప్ లెక్కలో సున్నా, మనిషి లెక్కలో భారీ నష్టం. సగం ఓటములు తప్పనిచోట ఇలాంటి మనసు వేసుకుని రోజూ కూర్చోవడమే పోటీ ఆటల్లోని అసలు ఇబ్బంది అని నా అభిప్రాయం. కోపం, టెన్షన్, సాకులు అన్నీ దాని పిల్లలే.

అందరికన్నా పెద్ద పిల్ల, సంపాదించిన అంకెను కాపలా కాసే అలవాటు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ యుద్ధ ఆట వచ్చాక ఆ ఆటగాళ్లు దీనికి ల్యాడర్ యాంగ్జయిటీ అని పేరు పెట్టుకున్నారు. ర్యాంకు ఆట బటన్ నొక్కాలంటేనే చెయ్యి రాదు. చదరంగంలో దీని రూపాలు చూడండి. 1500 దాటగానే ఆ ఖాతా ముట్టుకోకుండా ఇంకో ఖాతా తెరవడం. రోజుకో ఆట గెలిచి ఆపేయడం. కొత్త ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస) నేర్చుకున్నా ‘రేటింగ్ పోతుందేమో’ అని పాతదే ఆడటం. ఆడకుండా వీడియోలు మాత్రమే చూస్తూ నేర్చుకుంటున్నానని అనుకోవడం. కొత్తది నేర్చుకున్న మొదటి రోజుల్లో ఎవరైనా పాతదానికన్నా చెత్తగానే ఆడతారు. ఆ నష్టం భరించలేనివాడు ఉన్నచోటే ఉంటాడు, అదీ అంకెను కాపాడుకున్నానన్న తృప్తితో.

దీనికి నేను చూసినంతలో బాగా పనిచేసే మందు మొరటుది. రేటింగ్ కనబడకుండా చేయడం. లిచెస్ అనే చదరంగ వెబ్‌సైటులో రేటింగులు దాచే సెట్టింగ్ ఉంది, ఆట ముగిసేదాకా పేర్లూ అంకెలూ కనబడకుండా చేసే జెన్ మోడ్ కూడా ఉంది. నెలకోసారి చూసుకుంటే చాలు. ఇక గుండె దడ సంగతి. ‘టెన్షన్ పడకు, కూల్‌గా ఉండు’ అని తనకు తాను చెప్పుకోవడం చాలామంది అలవాటు. ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో పాట పాడేముందు, ప్రసంగించేముందు, లెక్కలు చేసేముందు కొందరిని ‘నాకు హుషారుగా ఉంది’ అనుకోమన్నారు. ప్రశాంతంగా ఉన్నామని చెప్పుకున్నవాళ్ల కన్నా వీళ్లు మెరుగ్గా చేశారు. దడను అణచడం కష్టం, దాని పేరు మార్చడం తేలిక.

అలాగని దడ ఎంతైనా ఉండొచ్చని కాదు. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ ఎలుకలకు నల్ల పెట్టె, తెల్ల పెట్టె తేడా నేర్పారు. తప్పు చేస్తే కరెంటు షాక్. పని తేలికైనప్పుడు షాక్ పెరిగేకొద్దీ త్వరగా నేర్చాయి. పని కష్టమైనప్పుడు మాత్రం ఒక మోతాదు దాటితే నేర్చుకోవడం మందగించింది. ఎలుకల నుంచి మనుషులకు పెద్ద గెంతే, ఆ ప్రయోగాన్ని అవసరానికి మించి సాగదీసినవాళ్లూ ఉన్నారు. కానీ ఒక్కొక్కరికి మూడు నిమిషాలే ఉండే బ్లిట్జ్‌లో గెలిచే ఆటలో మంత్రిని ఊరికే పోగొట్టుకుని, వెంటనే కొత్త ఆట నొక్కినవాడిని ఎవరైనా చూస్తే ఆ ఎలుకలు గుర్తు రావాల్సిందే. ఆటగాళ్లు దీన్నే టిల్ట్ అంటారు. ఒంట్లో వేడి దిగలేదు, మనసు ఇంకా పోయిన మంత్రి దగ్గరే ఉంది, గడియారం మాత్రం మళ్లీ మొదలైంది. పోయిన 8 పాయింట్లను ఈ ఆటలోనే రాబట్టాలన్న పట్టుదలతో ఇంకో 8, ఆపైన మరో 8. అర్ధరాత్రి ఒంటిగంటకు మనిషి 90 పాయింట్లు కిందుంటాడు.

ఇదంతా మేటి ఆటగాళ్ల ఆటలో ఎలా ఉంటుందో చూడాలంటే 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీ చూడండి. కోనేరు హంపి తొలి రౌండే ఓడిపోయింది. మిగిలిన పది రౌండ్లలో ఒక్కటీ ఓడకుండా మొత్తం పదకొండుకు ఎనిమిదిన్నర పాయింట్లతో టైటిల్ గెలిచింది. 2019లో గెలిచాక అది ఆమెకు రెండోసారి. ఆమె మనసులో ఏం నడిచిందో మనకు తెలియదు. కానీ అక్కడి పోటీ తీరులో ఒక సాయం ఉంది. రౌండుకీ రౌండుకీ మధ్య విరామం ఉంటుంది. మన ఫోన్లో ఉండదు. దాన్ని మనమే పెట్టుకోవాలి.

‘ఇకమీదట నిగ్రహంగా ఉంటాను’ అనుకుంటే ఆ విరామం రాదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి చేసిన పరిశోధనలు చెప్పేదేమిటంటే, ‘ఇలా జరిగితే అలా చేస్తాను’ అని ముందే కట్టుకున్న నియమం ఒట్టి సంకల్పం కన్నా బాగా అమలవుతుంది. ‘వరసగా రెండు ఓడితే ఫోన్ చార్జింగ్‌కి పెట్టి గది బయటికి వెళ్తాను.’ సంఖ్య ఉండాలి, పని ఉండాలి. నిర్ణయం చల్లగా ఉన్నప్పుడే అయిపోవాలి. వేడిలో ఉన్నవాడికి ఎప్పుడూ ‘ఇంకొక్క ఆట’ న్యాయంగానే కనిపిస్తుంది.

జట్టు ఆటల్లో ఇంకో అడ్డంకి ఉంది, అది చదరంగంలో లేదు. ‘నా టీమ్‌మేట్లు దండగ.’ ఒకోసారి నిజమే. కానీ అయిదుగురేసి ఆడే ఆటలో మీ పక్కన నలుగురు అపరిచితులు, ఎదుట అయిదుగురు. చేతకానివాడు ఎదుటి జట్టులో ఉండే అవకాశమే కాస్త ఎక్కువ. వందల ఆటల మీద వాళ్లంతా సరికి సరి పోతారు, ప్రతి ఆటలోనూ ఉండేది మీరొక్కరే. గెలిస్తే నా ప్రతిభ, ఓడితే మరొకరి పాపం అనుకోవడం మనుషుల పాత గుణం. ఆత్మగౌరవానికి అది మంచిదే కావచ్చు. ఆటకు మాత్రం చెడ్డది, తప్పు తనది కానివాడు దిద్దుకునేదేముంది?

ఇక ‘ఎంత ఆడినా ఇక్కడే ఆగిపోయాను’ అనే బాధ. ఇది ఆన్‌లైన్ ఆటలకన్నా చాలా పాతది. విలియం బ్రయన్, నోబుల్ హార్టర్ 1897లో, 1899లో అమెరికా టెలిగ్రాఫ్ ఉద్యోగుల మీద అధ్యయనాలు ప్రచురించారు. మోర్స్ సందేశాలు పంపే వేగం నిలకడగా పెరిగింది. విని అర్థం చేసుకునే వేగం మాత్రం కొంత పెరిగి, వారాల తరబడి కదలకుండా నిలిచి, మళ్లీ పైకి లేచింది. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, ఆపైన వాక్యాలు ఒక్క ముద్దగా వినబడటం అలవాటవ్వాలని, ఆ నిలిచిన కాలంలో లోపల జరుగుతున్నది అదేనని వాళ్ల వివరణ. అలా కదలకుండా నిలిచిపోయే దశ అన్ని నైపుణ్యాల్లోనూ కనబడదని తర్వాత అభ్యంతరాలు వచ్చాయి. కానీ ముద్దల సంగతి నిలబడింది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ నిజం ఆటల్లోని బోర్డును అయిదు సెకన్లు చూపించి దాచారు. మాస్టర్ చాలా పావుల్ని ఎక్కడివక్కడ పెట్టాడు, కొత్తవాడు కొన్నింటినే. అవే పావుల్ని ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే మాస్టర్ గొప్పతనం దాదాపు మాయమైంది. అతని జ్ఞాపకశక్తి మామూలుదే, బోర్డు మీద అతనికి కనిపించే ముద్దలే పెద్దవి.

కొత్త ముద్దలు ఎక్కువగా దొరికేది ఓడిన ఆటల్లోనే. మనం మూసేసి పారిపోయేదీ వాటినే. తెరిచినా వెంటనే ఇంజన్ (ఎత్తుల్ని విశ్లేషించే ప్రోగ్రాం) నడిపి, తప్పులకు అది పెట్టే ఎర్ర గుర్తులు లెక్కపెట్టి, ‘యాక్యురసీ 61’ అని ఇంకో తీర్పు మెడకు తగిలించుకుంటాం. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజన్ ఎప్పుడూ ఎవర్నీ ఓదార్చలేదు. ఇంజన్ పెట్టకముందే ‘ఈ ఎత్తు వేసినప్పుడు నేనేం అనుకున్నాను?’ అని ఒక్క వాక్యం రాసుకుంటే, పది ఓటముల తర్వాత ఆ వాక్యాల్లో ఒకే రకం తప్పు కనబడుతుంది. చాలామందికి అది ఎదుటివాడి ఎత్తు చూడకుండా తన పథకంలో మునిగిపోవడం.

అన్ని అడ్డంకులూ మనసులోనే ఉంటాయనడం కూడా అన్యాయం. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో 16 నుంచి 44 ఏళ్ల మధ్య ఉన్న 3,305 మంది స్టార్‌క్రాఫ్ట్ 2 ఆటగాళ్ల రికార్డులు పరిశీలించారు. కొత్త దృశ్యం కనబడ్డాక మొదటి చర్యకు పట్టే సమయం 24 ఏళ్ల నుంచే మెల్లగా పెరుగుతోందని తేలింది. అదే అధ్యయనంలో పెద్ద వయసువాళ్లు షార్ట్‌కట్ కమాండ్లలాంటి తేలికదారులు వాడుకుని ఆ లోటు కొంత పూడ్చుకుంటున్న సూచనలూ కనిపించాయి. ఆఫీసు పనయ్యాక రాత్రి పదకొండుకు ఒక నిమిషం బుల్లెట్ ఆడుతూ, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల చేతిలో ఓడిపోతున్నానని తిట్టుకునే నలభై ఏళ్లవాళ్లు చేయదగింది ఒకటుంది. టైమ్ కంట్రోల్‌ను, అంటే ఒక్కో ఆటగాడికి ఇచ్చే గడువును, పదిహేను నిమిషాలకు మార్చుకోవచ్చు. అక్కడా సగం ఓడిపోతారు.