బన్నీ ప్రశ్నకు హాలంతా నవ్వింది

చిన్నూ, బన్నీ,

ఫోన్లో చెబితే సగం విని "సరే అవ్వా" అని పెట్టేస్తారు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఒకరు చదివాక ఇంకొకరికి ఇవ్వండి, కొట్టుకోకండి.

పోయిన ఆదివారం డొమ్లూరులో ఒక చరిత్రకారిణి విజయనగర సామ్రాజ్యం మీద రాసిన కొత్త పుస్తకం సభకు వెళ్ళి వస్తూ ఇందిరానగర్‌లో మెట్రో ఎక్కిన దగ్గర్నుంచి మెజెస్టిక్‌లో రైలు మారేదాకా బన్నీ నోరు విప్పలేదు. మద్దూరు వడ కూడా సగం తిని నా చేతిలో పెట్టాడు. ఎందుకో నాకు తెలుసు. ఆ హాల్లో మైకు వాడి దగ్గరికి వచ్చినప్పుడు, "విజయనగరం మీద ఇప్పటికే బోలెడు పుస్తకాలున్నాయి కదా ఆంటీ, మళ్ళీ మీరెందుకు రాశారు?" అని అడిగేశాడు, పెద్దవాళ్ళంతా ఘొల్లుమన్నారు. వాడికి ముందు లేచిన పెద్దమనిషి ప్రశ్న అడుగుతానని చెప్పి ఆరు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాడు, చివరికి అందులో ప్రశ్నే లేదు, దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు! నా లెక్కలో ఆ సాయంత్రం అడిగిన ప్రశ్నలన్నిట్లోకీ బన్నీదే అసలైన ప్రశ్న. ఆ చరిత్రకారిణి కూడా నవ్వలేదు, చూశారా? నీళ్ళు తాగి, కాసేపు ఆలోచించి, జవాబు మొదలుపెట్టింది. ఇంతలో టైమైపోయిందని పక్క కుర్చీలో కూర్చుని ఆవిడతో మాట్లాడిస్తున్న ఆయన అడ్డుపడ్డాడు. (ఆయన పుస్తకం మొత్తం చదవలేదని నా అనుమానం. గంటసేపూ మొదటి రెండు అధ్యాయాల చుట్టే తిరిగాడు.) ఆవిడ మధ్యలో ఆపేసిన జవాబును నాకు తెలిసినంతలో నేను పూర్తి చేస్తాను. నేను టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరైన దాన్ని, చరిత్ర చదువుకున్నదాన్ని కాదు, అయితే ఇలాంటి సభలకు పన్నెండేళ్ళుగా వెళ్తున్నాను, బోలెడు మంది మాటలు విన్నాను.

1900లో రాబర్ట్ సూయెల్ అనే ఇంగ్లీషాయన, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసినవాడు, విజయనగరం మీద ఒక పుస్తకం వేశాడు. దాని పేరు తెలుగులో చెప్పుకోవాలంటే "మరచిపోయిన సామ్రాజ్యం". ఎవరు మరిచిపోయారో మరి! మదనపల్లెలో మా జేజి తెనాలి రామలింగడి కథ చెప్పని రాత్రి లేదు, రాయలవారు మా ఇంట్లో చుట్టంలాగే ఉండేవాడు. సరే, పేరు సంగతి వదిలేయండి. ఆ పుస్తకంలో కొత్తగా ఏముందంటే, అంతకు మూడేళ్ళ ముందు, 1897లో, డేవిడ్ లోపెష్ అనే పండితుడు పారిస్‌లోని గ్రంథాలయంలో ఉన్న పాత పోర్చుగీసు రాతప్రతిని లిస్బన్‌లో అచ్చు వేయించాడు. హంపిని కళ్ళారా చూసిన ఇద్దరు పోర్చుగీసువాళ్ళు రాసింది అందులో ఉంది. ఒకడు డొమింగో పేస్, 1520 ప్రాంతంలో, అంటే కృష్ణదేవరాయలు బతికున్న రోజుల్లోనే వచ్చాడు. ఇంకొకడు నూనిజ్, గుర్రాల వ్యాపారి, ఇంకో పదిహేనేళ్ళ తర్వాత రాశాడు. ఆ రెండింటినీ సూయెల్ ఇంగ్లీషులోకి మార్చి తన పుస్తకంలో పెట్టాడు. అంటే అప్పటికి దాదాపు నాలుగు వందల ఏళ్ళ నాటి రాత, ఎక్కడో బీరువాలో పడి ఉన్నది, బయటికొచ్చింది, దానితో పాటు కొత్త పుస్తకమూ వచ్చింది. బన్నీ, నీ ప్రశ్నకు ఇది మొదటి జవాబు, ఇది తేలికైనది.

పేస్ రాసినదాంట్లో మీకు నచ్చేది ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. రాయలవారు మరీ పొడుగూ కాదు పొట్టీ కాదట, మంచి రంగు, సన్నం అనడం కంటే కాస్త లావనే చెప్పాలట, ముఖం మీద మశూచి మచ్చలు. మీరు సినిమాల్లో చూసిన రాయలకి మచ్చలున్నాయా? తెల్లవారక ముందే ఇంత నువ్వుల నూనె తాగేవాడట, నేను దోసె మీద చుట్టూ పోసుకునేదే, గటగటా తాగేయడమే. ఒళ్ళంతా అదే నూనె పట్టించి, మట్టితో చేసిన బరువులు ఎత్తి, నూనె అంతా చెమటతో పోయేదాకా కత్తి తిప్పి, ఆ తర్వాత మల్లుడితో కుస్తీ పట్టి, అప్పుడు గుర్రమెక్కి మైదానంలోకి పోయేవాడట. ఇదంతా అయ్యేసరికి తెల్లవారేది. మీరేమో స్కూల్ బస్సు వచ్చి హారన్ కొట్టేదాకా దుప్పటి తీయరు.

ఇప్పుడు రెండో జవాబు. దీనికోసమే ఈ ఉత్తరం.

అదే పేస్, అదే పుస్తకంలో, రాయలవారు కట్టిస్తున్న ఒక పెద్ద చెరువు పని చూశానని రాశాడు. పదిహేను ఇరవై వేల మంది ఉంటారు, చీమల్లా కనిపించారు అన్నాడు. వాళ్ళెవరో మాత్రం చెప్పలేదు, మళ్ళీ రాజుగారి దగ్గరికి, గుర్రాల దగ్గరికి, బజారులో రత్నాల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మాటను చాలామంది చదివారు, చదివి పేజీ తిప్పేశారు. ఎప్పుడో ఒకరు మాత్రం పేజీ తిప్పకుండా ఆగుతారు. ఈ చీమలు ఎవరు? ఏ ఊళ్ళ నుంచి వచ్చారు? ఏం తిన్నారు? కూలి డబ్బుగా ఇచ్చారా, గింజలుగా ఇచ్చారా? రాత పాతదే, ఎక్కడికీ పోలేదు, అడిగేవాళ్ళు మారారు. అడిగే ప్రశ్న మారితే అదే పాత కాగితం నుంచి ఇంకో పుస్తకం వస్తుంది. ఆ రోజు ఆవిడ "నేను రాజు దగ్గర కాదు, గట్టు దగ్గర మొదలుపెట్టాను" అన్నది ఇందుకే. ఆ మాట వినగానే నేను పక్కన మీ ఇద్దరి వైపు చూశాను. చిన్నూ వింటోంది, బన్నీ మైకు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

మరి పేస్ చెప్పనిది ఎక్కడ దొరుకుతుంది? మన వైపే దొరుకుతుంది. కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు ఉంది కదా, మీ అమ్మ పెళ్ళికి ముందు మేమంతా బద్వేలు వెళ్తూ చూశాం. దాని దగ్గర 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువు కట్టడానికి రెండేళ్ళు పట్టింది, రోజూ వెయ్యి మంది పనిచేశారు, వంద బండ్లు రాళ్ళు మోశాయి అని అందులో లెక్క ఉంది. మంచి చెరువుకి ఉండవలసినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని పాఠంలాగా చెప్పారు. చవుడు నేల దోషం, గట్టు కారిపోవడం దోషం, చెరువు మధ్యలో మిట్ట ఉండడం దోషం, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువైతే దోషం, నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువైనా దోషమే. అన్నిట్లోకీ నాకు నవ్వొచ్చింది ఇంకొకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. కావేరి గొడవ జరిగిన ప్రతిసారీ మన వీధిలో బస్సులు ఆగిపోయినప్పుడు ఆ రాయి నాకు గుర్తొస్తుంది. ఆరువందల యాభై ఏళ్ళ కిందటే ఎవరో రాసి పెట్టారు, చదివినవాళ్ళు లేరు.

అయితే ఒకటి గమనించండి, ఆ శాసనంలో కూడా రాజకుమారుడి పేరుంది, అతని వంశం ఉంది, వెయ్యి మందిలో ఒక్కరి పేరు లేదు. ఆవిడ కొత్త పుస్తకంలోనూ వాళ్ళ పేర్లుండవు, ఎందుకంటే దొరకలేదు. దొరకలేదని ఆవిడ సభలో ఒప్పుకున్నప్పుడు వెనక వరుసలో ఎవరో "మరి ఎనిమిది వందల రూపాయలు దేనికి" అన్నారు. నాకు మాత్రం ఆ ఒక్క మాటకే ఆవిడ మీద నమ్మకం కుదిరింది. లేని పేర్లు కల్పించి రాస్తే పుస్తకం ఇంకా బాగా అమ్ముడయ్యేది.

మీ స్కూల్లో బెంగళూరు పేరు గురించి ఏం చెప్పారు? వీరబల్లాళుడనే హొయసల రాజు అడవిలో దారి తప్పితే ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టింది, బెంద కాళు, బెందకాళూరు, బెంగళూరు. నేనూ మీ అమ్మకి ఇదే చెప్పి అన్నం తినిపించాను. కానీ బొమ్మనహళ్ళి అవతల బేగూరు గుడిలో ఒక వీరగల్లు ఉంది, అంటే యుద్ధంలో చనిపోయినవాళ్ళ గుర్తుగా నిలబెట్టే రాయి. అది సుమారు 890 నాటిది, గంగరాజుల కాలం. నాగత్తరుడనే అతని మనిషి ఒకడు బెంగళూరు యుద్ధంలో చనిపోయాడని దాని మీద పాత కన్నడంలో చెక్కి ఉంది. బల్లాళుడు 1173లో రాజైనవాడు. అంటే ఆ ముసలమ్మ పొయ్యి వెలిగించడానికి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే ఊరి పేరు బెంగళూరు! ఇలాంటి శాసనాలు వేలకు వేలు పోగుచేసి అచ్చు వేయించినాయన బి. ఎల్. రైస్, 1837లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. కథను పారేయమని కాదు, గింజల కథ చెప్పుకోవడం జనానికి ఇష్టమని ఆ కథ చెబుతోంది, అదీ తెలుసుకోవలసిందే. కాకపోతే "మీకెలా తెలుసు?" అని ఎవరైనా అడిగితే, రాయి దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళగలం, ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళలేం.

ఇంకోసారి వెళ్ళినప్పుడు రాసినవాళ్ళు ఏం చెబుతున్నారన్నది ఒక చెవితో, ఎలా చెబుతున్నారన్నది ఇంకో చెవితో వినండి. "జరిగింది" అన్నారా, "జరిగినట్టుంది" అన్నారా, "అనుకోవచ్చు" అన్నారా? మూడూ ఒకటి కావు. అన్నీ "జరిగింది" అనే మనిషి దగ్గర కాస్త జాగ్రత్త. బొబ్బిలి యుద్ధమే తీసుకోండి, 1757 జనవరిలో జరిగింది, దాన్ని ఇంగ్లీషువాళ్ళ తరఫున రాసిన ఓర్మ్ పుస్తకం ఒకలా చెబుతుంది, బుర్రకథలో తాండ్ర పాపారాయుడు ఇంకోలా కనిపిస్తాడు, రెండూ చదివి ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో చెప్పేవాళ్ళు కావాలి. పుస్తకం చేతికొస్తే వెనక నుంచి తెరవండి, చివరి పేజీల్లో సన్న అక్షరాలతో ఎక్కడెక్కడ ఏం చూశారో ఉంటుంది, అక్కడ మీకు ఏమీ అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఉందా లేదా చూడండి చాలు. కొనమని నన్ను పీడించకండి, కబ్బన్ పార్కు లైబ్రరీలో దొరికితే తెచ్చుకుందాం.

ఇప్పుడు చిన్నూ సంగతి. మెట్రో దిగి ఇంటికి నడుస్తూ, బన్నీని ఓదార్చడానికని నేను మన ఇంటి కథ మొదలుపెట్టాను. మా జేజినాయన ప్లేగు వచ్చిన ఏడు రెండు బండ్ల నిండా బట్టలేసుకుని మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చాడు, పేటలో వ్యాపారం పెట్టాడు, మనం అట్లా ఈ ఊరివాళ్ళం అయ్యాం. ఈ కథ నేను నలభై ఏళ్ళుగా చెబుతున్నాను, మా నాన్న అంతకు ముందు నలభై ఏళ్ళు చెప్పాడు. చిన్నూ ఏమంది? "అవ్వా, ప్లేగు వస్తే అందరూ ఊరొదిలి పారిపోతారు కదా, ఆయన ఊళ్ళోకి ఎందుకొచ్చాడు?"

నేను "పద, రోడ్డు చూసి నడువు" అన్నాను. జవాబు తెలియక అన్న మాట అది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇంటికొచ్చి ఆలోచించాను. 1898 ఆగస్టులో బెంగళూరులో ప్లేగు మొదలైంది, పేట ఇళ్ళు ఖాళీ చేసి జనం ఊరి బయట గుడిసెల్లోకి పోయారు, అది నిజం. అలాంటప్పుడు బట్టల బండ్లు తోలుకుని ఎవరొస్తారు, ఎవరు కొంటారు? అదే సమయంలో బసవనగుడి, మల్లేశ్వరం కొత్తగా వేశారు, వెడల్పు వీధులు, గాలాడే ఇళ్ళు, ఆ ఇళ్ళు కట్టడానికి మనుషులు కావాలి. లేదంటే ఆయన వచ్చింది ఇంకో ఏడేమో, చెప్పుకోవడానికి గుర్తుగా ఉంటుందని ప్లేగు ఏడని అన్నారేమో.

నిన్న అటక మీది ట్రంకు పెట్టె దింపించాను. అందులో 1911 నాటి క్రయపత్రం ఒకటి ఉంది, కన్నడలో, జేజినాయన మన పాత ఇంటి స్థలం కొన్నప్పటిది. పేరు, తండ్రి పేరు, ఊరు మదనపల్లె, అంతా బాగానే ఉంది. వృత్తి అన్నచోట సరిగ్గా కాగితం మడత పడి సిరా పోయింది. మొదటి అక్షరం "గా" అని మాత్రం తెలుస్తోంది. గారె పని కావచ్చు, అంటే ఇళ్ళకి గార పూసేవాడు. గాణద పని కావచ్చు, అంటే గానుగ ఆడించేవాడు. ఏ రకంగా చదివినా బట్టలు మాత్రం లేవు. మైసూరులో మీ చిన్నజేజికి ఫోన్ చేశాను, ఆవిడ "మన వంశంలో గార పనేంటి వదినా" అని కోప్పడి పెట్టేసింది.

ఆదివారం వచ్చేటప్పుడు చిన్నూ సైన్స్ కిట్‌లో ఉన్న భూతద్దం తీసుకురండి. నా కళ్ళద్దాలతో రెండో అక్షరం కనబడటం లేదు.

మీ అవ్వ
బసవనగుడి