ఆక్యురసీ 99 దాటితే మోడల్ మంచిదేనా? అపోహలు - వాస్తవాలు

డేటా మైనింగ్‌లో పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా ఉన్న నాకు థీసిస్ సమర్పించే రోజులు దగ్గరపడేసరికి ఏటా వినిపించే ప్రశ్న ఒక్కటే: "మేడం, ఆక్యురసీ 99 దాటింది, ఇక పేపర్ రాసేయవచ్చా?" డేటా నుంచి నేర్చుకుని జవాబు చెప్పే ప్రోగ్రామే మోడల్; దాని జవాబుల్లో నూటికి ఎన్ని సరైనవో చెప్పేదే ఆక్యురసీ.

అపోహ: ఆక్యురసీ ఎంత ఎక్కువైతే మోడల్ అంత మంచిది.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా వాడే క్రెడిట్ కార్డు మోసాల డేటాసెట్‌నే చూడండి. 2013 సెప్టెంబరులో యూరప్ కార్డుదారులు రెండు రోజుల్లో జరిపిన 2,84,807 లావాదేవీలు అందులో ఉన్నాయి. వాటిలో మోసాలు 492 మాత్రమే. అన్నింటినీ 'సక్రమం' అని చెప్పేసే ప్రోగ్రాముకు కూడా 99.8 శాతం ఆక్యురసీ వస్తుంది గానీ, అది ఒక్క మోసాన్నైనా పట్టుకోదు. అందుకే ఇటువంటి డేటాకు ప్రెసిషన్ (మోసమని చెప్పినవాటిలో నిజంగా మోసాలెన్ని), రీకాల్ (ఉన్న మోసాల్లో పట్టుకున్నవి ఎన్ని) విడివిడిగా చూపాలి.

మోసాలు ఇలా అరుదుగా ఉండటానికి విరుగుడుగా స్మోట్ వాడామని చాలామంది నిశ్చింతగా ఉంటారు. 2002లో వచ్చిన ఈ పద్ధతి, అరుదైన వర్గంలోని ఒక నమూనాకూ దాని పొరుగు నమూనాకూ నడుమ కృత్రిమ నమూనాలను పుట్టిస్తుంది. దాన్ని వాడటంలో తప్పు లేదు. డేటాను మోడల్‌కు నేర్పే ట్రెయినింగ్, దాన్ని పరీక్షించే టెస్ట్ భాగాలుగా విడదీయకముందే వాడటమే తప్పు. అలా చేస్తే టెస్ట్‌లో ఉండవలసిన నమూనాల పోలికలు ట్రెయినింగ్‌లోకి చేరిపోతాయి. అది పరీక్షకు ముందే ప్రశ్నపత్రం చేతికి అందడం వంటిదే.

మూడేళ్ల క్రితం ఒక విద్యార్థిని 99.9 శాతం ఫలితంతో వచ్చినప్పుడు కోడ్ తెరిచి చూస్తే, స్మోట్ వరుస స్ప్లిట్ (డేటాను విడదీసే) వరుసకు పైన ఉంది. దాన్ని కిందికి దించి మళ్లీ నడిపించాం. టెస్ట్‌లోని 98 మోసాలలో 71 పట్టుబడ్డాయి, 27 తప్పించుకున్నాయి. ఎనిమిది నెలల శ్రమ వృథా అయిందని ఆ అమ్మాయి కంటతడి పెట్టుకుంది. ఆ 27 లావాదేవీలను ఒక్కొక్కటిగా పరిశీలించుకుంటూ ఇద్దరం సాయంత్రం దాకా కూర్చున్నాం. చివరికి ఆమె థీసిస్‌లో అందరూ మెచ్చుకున్న అధ్యాయం వాటి మీదే వచ్చింది. ఆక్యురసీ 98 శాతానికి తగ్గితే జర్నళ్లు తీసుకోవన్న పుకారును దయచేసి నమ్మకండి, జూనియర్లకు చెప్పకండి.

మిగిలిన అపోహలు చిన్నవి. 1994లో అగ్రవాల్, శ్రీకాంత్ ప్రతిపాదించిన అప్రియోరి, బిల్లుల్లోంచి 'బ్రెడ్డు కొంటే పాలూ కొంటారు' వంటి నియమాలను వెతికే పద్ధతి. అది ఇచ్చే నియమానికి కాన్ఫిడెన్స్ (బ్రెడ్డు కొన్నవారిలో పాలూ కొన్నవారి శాతం) ఎక్కువగా ఉంటే చాలదు. మొత్తం బిల్లుల్లో 80 శాతంలో పాలు ఉండి, బ్రెడ్డు కొన్నవారిలో 70 శాతమే పాలు కొంటే, లిఫ్ట్ (ఆ 70ని 80తో భాగిస్తే వచ్చేది) ఒకటి కంటే తక్కువే, అంటే బ్రెడ్డు కొన్నవారు పాలు కొనడం మామూలు కంటే తక్కువే. డేటాను గుంపులుగా విడదీసే కే-మీన్స్ పద్ధతి మూడు క్లస్టర్లు (గుంపులు) ఇచ్చిందంటే డేటాలో మూడు గుంపులు ఉన్నాయని కాదు, మీరు మూడు అడిగారని మాత్రమే అర్థం.

స్ప్లిట్‌కు ముందు మొత్తం డేటా మీద చేసిన స్కేలింగ్ (అంకెలను ఒకే కొలతకు తేవడం), ఫీచర్ సెలెక్షన్ (పనికొచ్చే లక్షణాలను ఎంచుకోవడం) కూడా స్మోట్‌ను ముందే వాడిన తప్పు కోవలోకే వస్తాయి. ఇప్పటికే పేపర్ పంపినవారు భయపడకుండా, వరుసలు సరిచేసి మళ్లీ నడిపి, వచ్చిన అంకెలను ముందుగా మీ గైడ్‌కు చూపించండి. రివ్యూ దశలో సరిదిద్దుకునే వీలు ఉంటుంది.