మజిల్ కార్ల మీద మమకారం: అపోహలు, వాస్తవాలు

డెట్రాయిట్ శివార్లలోని మా షెడ్డుకి వచ్చే పాత కార్లలో ఎక్కువ భాగం 1964 నుంచి 1972 మధ్య తయారైన మజిల్ కార్లే, అంటే మామూలు కారులో భారీ ఇంజన్ దించినవి. పాంటియాక్ జీటీవో, షెవ్రొలే షెవెల్, ప్లిమత్ రోడ్ రన్నర్, డాడ్జ్ చార్జర్. తెచ్చేవాళ్లలో డెబ్బై దాటిన ఫ్యాక్టరీ కార్మికులుంటారు. తండ్రి పోయాక ఆయన కారుని అమ్మలేక, నడపడం రాక మా దగ్గరికి తెచ్చే కూతుళ్లుంటారు. ఈ మధ్య ట్రాయ్, నోవై వైపు నుంచి మన తెలుగు ఇంజనీర్లూ వస్తున్నారు. అందరికీ ఈ కార్లంటే ప్రాణం. నాకూ అంతే. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, ఇక్కడికొచ్చి ఈ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ల దగ్గరే స్థిరపడిపోయాను.

కానీ ఈ కార్ల గురించి చెప్పుకునే కథల్లో నిజం కానివి చాలా ఉన్నాయి. వాటిని నమ్మి నడిపితే ప్రాణం మీదికి వస్తుంది, నమ్మి కొంటే డబ్బు పోతుంది, నమ్మి దాచిపెడితే ఇంజన్ పోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మజిల్ కారంటే మస్టాంగ్

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఫోర్డ్ మస్టాంగ్‌ని విడుదల చేసినప్పుడు దాని ప్రారంభ ధర 2,368 డాలర్లు. ఆ ధరకి వచ్చేది ఆరు సిలిండర్ల ఇంజన్, 101 హార్స్‌పవర్. చక్కటి కారు, కాదనను. దాని దారి వేరు, అందుకే దాన్ని ‘పోనీ’ (చిన్న గుర్రం) కారు అన్నారు. తర్వాతి ఏళ్లలో పెద్ద ఇంజన్లు పెట్టిన మస్టాంగులు మజిల్ కార్ల వరసలో దర్జాగా చేరాయి. అసలు సూత్రం మాత్రం ఇది: మధ్యస్థాయి కుటుంబపు కారు తీసుకుని, అందులో పెద్ద కారు ఇంజన్ దించడం.

దానికి పేరు తెచ్చింది 1964 జీటీవో. మధ్యస్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్ నియమం. ఆ కంపెనీలో భాగమైన పాంటియాక్‌లో చీఫ్ ఇంజనీరుగా ఉన్న జాన్ డెలోరియన్ బృందం ఆ నియమాన్ని నేరుగా ఎదిరించలేదు. టెంపెస్ట్ లెమాన్స్ కారుకి 389 ఇంజన్‌ని (ఇంజన్ పేరులో అంకె క్యూబిక్ అంగుళాలదే) అదనపు ప్యాకేజీగా పెట్టింది. ఖరీదు 300 డాలర్ల లోపే. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడయ్యాయి. ఈ ప్యాకేజీ సంగతి గుర్తుంచుకోండి, కొనేటప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

అపోహ: ఆ రోజుల్లో ప్రతి కుర్రాడి దగ్గరా ఒకటి ఉండేది

లేదు. ఎక్కువమంది కొన్నవి ఆరు సిలిండర్లవో, చిన్న వీ8లో. అందరూ కలలుగన్న క్రైస్లర్ వాళ్ల 426 స్ట్రీట్ హెమీ ఇంజన్‌తో 1966 నుంచి 1971 దాకా తయారైన కార్లు అన్నీ కలిపి సుమారు 10 వేలు. హెమీ ఇంజన్ ఉన్న 1971 ప్లిమత్ ‘కుడా’ కన్వర్టిబుళ్లయితే (పైకప్పు మడిచే కార్లు) పట్టుమని డజను కూడా కట్టలేదు. 1968లో రోడ్ రన్నర్ మొత్తం కారే 2,900 డాలర్ల లోపు దొరుకుతుంటే, 1970లో ఒక్క హెమీ ఇంజన్‌కే 800 డాలర్లకు పైగా అదనంగా కట్టాలి. ఫ్యాక్టరీలో గంటల లెక్కన పనిచేసే కుర్రాడికి అది అందేది కాదు.

మరి అందరికీ ఆ జ్ఞాపకం ఎలా వచ్చింది? వుడ్‌వర్డ్ అవెన్యూ వల్ల. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ ఊరి దాకా పోయే ఈ విశాలమైన రోడ్డు మీద రాత్రిపూట సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పందేలు జరిగేవి. కార్ల కంపెనీల ఇంజనీర్లే ఇంకా బయటికి రాని ఇంజన్లు పెట్టుకుని వచ్చి పందెం కట్టేవారు. ఒక కారు పరుగెడితే వందమంది చూసేవాళ్లు. చూసినవాళ్లందరికీ అది తమ కారే. ఈ మాట తక్కువ చేసి అనడం లేదు. మా దగ్గరికొచ్చే పెద్దాయనల్లో కొందరు అప్పుడు కొనలేక, పింఛను డబ్బుతో ఇప్పుడు కొన్నవాళ్లు. స్టీరింగ్ పట్టుకోగానే వాళ్ల మొహంలో వచ్చే వెలుగు అప్పట్లోనే కొన్నవాళ్ల మొహంలో వచ్చే వెలుగు కన్నా తక్కువేం కాదు.

అపోహ: అప్పటి 425 హార్స్‌పవర్ ముందు ఇప్పటి కార్లు ఆగలేవు

1971 దాకా కంపెనీలు ప్రకటించింది గ్రాస్ లెక్క. ఇంజన్‌ని కారులో కాకుండా స్టాండు మీద పెట్టేవారు. ఎయిర్ ఫిల్టర్ ఉండదు, సైలెన్సర్ ఉండదు, బెల్టుతో తిరిగే సామాను ఉండదు, టైమింగ్ అనుకూలంగా సర్దుకుంటారు. అలా కొలిచేవారు. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచే నెట్ లెక్క వచ్చింది. హెమీకి 1971లో రెండు లెక్కలూ ఉన్నాయి: గ్రాస్ 425, నెట్ 350. ఒకే ఇంజన్, ఒకే ఏడాది. 1970, 1972 బ్రోచర్లు పక్కపక్కన పెట్టి ‘ఇంజన్ల గొంతు నులిమేశారు’ అని బాధపడేవాళ్లు ఈ సంగతి చూడాలి. తగ్గిన మాట నిజమే కానీ, అంత కాదు.

తిరకాసు రెండోవైపూ ఉంది. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌కి 335 అని రాశారు. అసలు బలం అంతకన్నా బాగా ఎక్కువ. ఇన్సూరెన్స్ కంపెనీల కంట పడకుండా, డ్రాగ్ రేసుల్లో తేలికైన తరగతిలో దిగడానికి తగ్గించి రాశారు. కాబట్టి బ్రోచర్‌లోని అంకెని ఏ పక్కకీ పూర్తిగా నమ్మడానికి లేదు.

పత్రికల పరీక్షలూ అంతే. 1964లో ఒక కార్ల పత్రికలో జీటీవో గంటకి 60 మైళ్ల వేగాన్ని 4.6 సెకన్లలో అందుకున్నట్టు వచ్చింది. ఆ కారు రాయల్ ఓక్‌లోని రాయల్ పాంటియాక్ డీలరు దగ్గర ప్రత్యేకంగా ట్యూన్ చేసినది. షోరూమ్ నుంచి తీసుకున్న మామూలు జీటీవోకి, అప్పటి సన్నని టైర్ల మీద, ఆరు సెకన్లు దాటేది. 2024 మోడల్‌తో ఆగిపోయిన టొయోటా వీ6 క్యామ్రీకి నెట్ లెక్కలోనే 301 హార్స్‌పవర్ ఉండేది. సిగ్నల్ దగ్గర అది చాలా మజిల్ కార్లని వదిలిపెట్టి పోతుంది.

అయినా క్యామ్రీని ఎవరూ కన్నీళ్లతో తలుచుకోరు. ఎందుకంటే ఈ కార్లలో పికప్ ఒంటికి తెలుస్తుంది. పెడల్ నుంచి కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) దాకా ఉన్నది ఒక కడ్డీయో, కేబులో మాత్రమే, మధ్యలో కంప్యూటర్ లేదు. క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్‌లో ముందు రెండు బారెల్స్ (గాలి పోయే గొట్టాలు) చిన్నవి, వెనక రెండూ చాలా పెద్దవి. పెడల్ పూర్తిగా తొక్కితే ఆ వెనకవి తెరుచుకుని, గాలి లోపలికి దూసుకుపోయే హోరు బోనెట్ కింద నుంచి వినిపిస్తుంది. సీటు వెనక్కి తోస్తుంది. అలవాటైనవాడికి ఆ హోరులో తేడా వింటే చాలు, పెట్రోలు తక్కువ పడుతోందో ఎక్కువ పడుతోందో తెలిసిపోతుంది. మనసుకి పట్టేది ఇదీ. దీనికి సెకన్ల లెక్కతో పనిలేదు.

అపోహ: ఉక్కు బండి, ఏమీ కాదు

నా దగ్గరికొచ్చే ప్రతి కొత్త యజమానికీ ముందు చెప్పేది ఈ విషయమే. ఈ కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. వేగంలో ఒక్కసారి గట్టిగా తొక్కితే ఆగుతుంది. వెంటనే రెండోసారి తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. మూడోసారికి పెడల్ మీద నిలబడినా కారు పోతూనే ఉంటుంది. నీళ్లలో తడిస్తే ఒక పక్కకి లాగుతుంది. 1967కి ముందు చాలా కార్లలో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది) ఒకటే సర్క్యూట్. ఒక్క పైపు పగిలితే నాలుగు బ్రేకులూ పోయినట్టే. భుజం మీదుగా వచ్చే బెల్టు 1968 నుంచి, తల ఆనించే దిండు 1969 నుంచి తప్పనిసరి అయ్యాయి. స్టీరింగ్ కాలమ్ గుద్దుకుంటే ముడుచుకునేది కాదు, 1967కి ముందు కార్లలో అది నేరుగా ఛాతీకి గురిపెట్టిన కడ్డీ.

ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్, రేడియల్ టైర్లు, భుజం బెల్టులు. ఈ నాలుగూ వేయించుకోండి. తీసిన పాత సామానుని పెట్టెలో భద్రంగా పెట్టుకోండి, కావాలంటే మళ్లీ బిగించవచ్చు. ‘ఒరిజినల్ పోతుంది’ అని బ్రేకుల దగ్గర పట్టుబట్టే మాటని నేను ఒప్పుకోను.

అపోహ: బ్యాడ్జీ ఉంటే అసలైన కారే

డబ్బు పోయేది ఇక్కడే. ఇందాక చెప్పిన ప్యాకేజీ గుర్తుందా? 1964, 1965 జీటీవోలు కాగితాల ప్రకారం లెమాన్స్ కార్లే. వీఐఎన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) చూసి అది జీటీవో అని చెప్పలేం. 1966లో విడి మోడల్ అయ్యాకే నంబరు 242తో మొదలైంది. 1970 షెవెల్ ఎస్‌ఎస్ కూడా ప్యాకేజీయే. వీఐఎన్‌లో ఆ సంగతి ఉండదు, ఇంజన్ ఏదో కూడా ఉండదు. మామూలు షెవెల్ మాలిబూకి బ్యాడ్జీలు, చారలు, వేరే బోనెట్ తగిలించి ఎస్‌ఎస్ అని అమ్మడం పెద్ద కష్టం కాదు. క్రైస్లర్ వాళ్లవి ఈ విషయంలో మేలు: 1970 కార్లలో వీఐఎన్‌లోని ఐదో అక్షరం ఇంజన్ చెబుతుంది. ఆర్ ఉంటే హెమీ, వీ ఉంటే మూడు కార్బ్యురేటర్ల 440.

మరి షెవెల్‌ని ఎలా నమ్మాలి? కారు కట్టేటప్పుడు కార్మికులు చూసుకునే బిల్డ్ షీట్ అనే కాగితం కొన్నిసార్లు పెట్రోలు ట్యాంకు పైన, కొన్నిసార్లు సీటు స్ప్రింగుల మధ్య చిక్కుకుని ఇప్పటికీ దొరుకుతుంది. ట్యాంకు దించి చూడకుండా ‘షీట్ లేదు’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1968 నుంచి ఇంజన్ బ్లాకు మీద కారు వీఐఎన్‌లో కొంత భాగం కొట్టి ఉంటుంది. ఆ అంకెలు కారు నంబరుతో కలవాలి. అంకెలున్న చోట లోహం కొత్తగా నున్నగా మెరుస్తుంటే మళ్లీ కొట్టారని అనుమానించాలి. బ్లాకు పోత పోసిన తేదీ చూడండి. కారు కట్టిన తేదీ కన్నా తర్వాతిది ఉందంటే ఆ ఇంజన్ ఆ కారుతో పుట్టలేదు.

ఇంకోటి తుప్పు. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే పెద్ద ఉప్పు గని ఉంది. పైన కార్లు తయారైన ఊరు, కింద వాటిని తినే ఉప్పు. ఫ్లోరు, డిక్కీ అడుగు, వెనక చక్రాల పై అంచులు, వినైల్ టాపు కింద రేకు ముందు పోతాయి. పైకి నిగనిగలాడే పెయింటు, లోపల వేలి మందాన లప్పం. మేడిపండే అది. ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు మీద పాకించండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, లప్పం ఉంది.

ఇన్ని చెప్పినా, లెమాన్స్‌ని జీటీవోగా మార్చుకుని ‘ఇది నేను కట్టుకున్నది’ అని చెప్పుకునేవాళ్లంటే నాకు గౌరవం. అబద్ధం చెప్పి అమ్మడమే తప్పు. అలాగే గుర్తుల్ని చెరిపేయమని ఎవరినీ తొందరపెట్టను. డాష్‌బోర్డు కింద ఎయిట్ ట్రాక్ టేప్ ప్లేయర్ కోసం ఎప్పుడో వేసిన కంతలు పూడ్చొద్దని అడిగిన పెద్దాయన ఒకరున్నారు. కారంతా కొత్తగా చేశాం, అవి మాత్రం అలాగే ఉంచాం.

అపోహ: 1973 చమురు సంక్షోభం వీటిని చంపింది

అరబ్ దేశాలు చమురు ఆపింది 1973 అక్టోబరులో. అప్పటికి అసలు కథ అయిపోయింది. 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. సీసం తక్కువున్న పెట్రోలుకి సరిపడేలా 1971 మోడళ్లలో జనరల్ మోటార్స్ కంప్రెషన్ తగ్గించింది. కుర్రాళ్లు కొనే పెద్ద ఇంజన్ కార్లకి ఇన్సూరెన్స్ ప్రీమియం భరించలేనంతగా పెరిగింది. హెమీ 1971తో ఆగిపోయింది. సంక్షోభం వచ్చి చివరి మేకు కొట్టింది, అంతే. 1974లో ఆఖరి జీటీవో చిన్న వెంచురా బాడీ మీద 350 ఇంజన్‌తో వచ్చి వెళ్లిపోయింది.

అపోహ: సీసం లేని పెట్రోలు పోస్తే ఇంజన్ పాడవుతుంది

సీసం వాల్వ్ సీట్లకి (వాల్వులు మూసుకునేటప్పుడు ఆనే అంచులు) రక్షణగా ఉండేది, నిజమే. అది లేకుండా ఎక్కువ బరువుతో, ఎక్కువ వేగంతో గంటల తరబడి నడిపితే సీట్లు అరుగుతాయి. వారాంతంలో ఊళ్లో తిప్పే కారుకి ఆ ఇబ్బంది దాదాపు లేదు. ఎప్పుడైనా హెడ్డు విప్పినప్పుడు గట్టిపరిచిన సీట్లు వేయించండి, సరిపోతుంది.

అసలు శత్రువులు వేరే రెండున్నాయి. ఒకటి ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలని అది మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారిందంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించాలి. రెండోది ఇంజన్ ఆయిల్. ఈ ఇంజన్లలో వాల్వులని లేపే లిఫ్టర్లు క్యామ్‌షాఫ్ట్ మీద నేరుగా రాసుకుంటాయి. ఆ రాపిడి తట్టుకోవడానికి ఆయిల్‌లో జింక్ కావాలి. కొత్త కార్ల ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. కొత్త క్యామ్ వేశాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడిల్‌లో వదలకండి. ఇరవై నిమిషాలు 2,000 ఆర్‌పీఎం దగ్గర నడవాలి.

అపోహ: నడపకుండా కప్పి ఉంచితే భద్రం

నిలబెట్టిన కారుకే రోగాలెక్కువ. సీళ్లు ఎండుతాయి, బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, కార్బ్యురేటర్‌లో పెట్రోలు జిగురవుతుంది. చలికాలంలో వారానికోసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం ఇంకా చెడ్డది. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, పుట్టిన తేమ ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ మిగిలిపోతుంది. ఉప్పు చల్లేముందు ఆయిల్ మార్చి, ట్యాంకు నింపి స్టెబిలైజర్ పోసి, బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. వసంతంలో వానలు ఉప్పుని కడిగేశాక బయటికి తీసి, ఆయిల్ బాగా వేడెక్కేదాకా కనీసం అరగంట నడపండి. ఆగస్టు మూడో శనివారం పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి రండి. 1995 నుంచి జరుగుతోంది, ఇక్కడి మన తెలుగు కుటుంబాలూ పిల్లల్ని తీసుకుని వస్తాయి.

అపోహ: ఇంకొన్నాళ్లకి స్పేర్ పార్టులు దొరకవు

1969 కమారోకి కొత్తగా చేసిన పూర్తి బాడీ కూడా దొరుకుతోంది. సామానుకి కరువు లేదు. కరువంతా చేతులకే. సిలిండర్లకి స్పార్క్ పంచే డెల్కో డిస్ట్రిబ్యూటర్‌కి పక్కన చిన్న కిటికీ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగానే అందులోంచి అలెన్ కీ పెట్టి పాయింట్లు (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే స్విచ్చు) సర్దవచ్చు. మీటరు లేకపోయినా ఫర్వాలేదు: ఇంజన్ తడబడేదాకా బిగించి, అక్కణ్నుంచి అర చుట్టు వెనక్కి తిప్పితే ఇంచుమించు 30 డిగ్రీల డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) దగ్గర కుదురుతుంది. మా షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే, మీటరు చేతికివ్వకుండా.