మతిమరుపుకూ రక్తపరీక్ష ఉంది

గ్యాస్ కట్టేశామా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి రావడం, కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతకడం, బాగా తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం. నలభై దాటినవాళ్లకు ఇలాంటివి నాలుగుసార్లు జరిగితే చాలు, అల్జీమర్స్ ఏమోనని టెన్షన్ మొదలవుతుంది. నిజానికి వీటిలో చాలావాటికి కారణం ధ్యాస లేకపోవడమే. ఫోన్‌లో మాట్లాడుతూ స్టవ్ కట్టేస్తే చెయ్యి తన పని తాను చేసేస్తుంది గానీ మెదడు ఆ సంగతి పట్టించుకోదు. లోపలికి ఎక్కనిది తర్వాత ఎంత ఆలోచించినా గుర్తురాదు. "గ్యాస్ కట్టేశాను" అని పైకి అంటూ కట్టేస్తే గుర్తుంటుంది, చేసి చూడండి. నిద్ర చాలకపోయినా ఇంతే. పగలు విన్నవాటిని, చూసినవాటిని మెదడు స్థిరపరుచుకునే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకో సంగతి. మన గురించి ఇంత కంగారుపడే మనమే, డెబ్బై దాటిన అమ్మో మామగారో చెప్పిందే మళ్లీ చెబుతుంటే "పెద్దతనం కదా, మామూలే" అని ఊరుకుంటాం. ఆ మతిమరుపు వెనక వైద్యంతో తగ్గే కారణం ఉండొచ్చని అనుకోం.

విటమిన్ బి12 సంగతే తీసుకోండి. ఇది మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఉంటుంది, కూరగాయల్లో, పప్పుల్లో దాదాపు ఉండదు. వయసు పైబడేకొద్దీ కడుపులో ఆమ్లం తగ్గి, తిన్నదాంట్లోని బి12 కూడా ఒంటికి సరిగ్గా పట్టదు. దానికి తోడు షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, గ్యాస్ ట్రబుల్‌కు రోజూ పరగడుపున పాంటాప్రజోల్ వేసుకునేవాళ్లు మన ఇళ్లలో ఎందరో. ఈ రెండూ దీర్ఘకాలం వాడితే బి12 తగ్గొచ్చు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. తెలిసేసరికి అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, నడకలో తూలు, చిరాకు, మతిమరుపు ఒక్కొక్కటే మొదలవుతాయి. మంటలు షుగర్ వల్ల అనుకుంటారు, మతిమరుపు వయసు వల్ల అనుకుంటారు. రెండూ కలిపి చూసేవాళ్లే ఉండరు. రక్తపరీక్షతో తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో, మాత్రలతో చాలావరకు కోలుకుంటారు. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం కొంత అలాగే మిగిలిపోతుంది.

థైరాయిడ్ మందగించినా మనిషి మబ్బుగా, మతిమరుపుగా తయారవుతాడు. అదీ రక్తపరీక్షలో తేలేదే. భార్యో భర్తో పోయాక వచ్చే దిగులు కూడా అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది.

ఇక మందులు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, నరాల నొప్పులకిచ్చే అమిట్రిప్టిలిన్ మెదడులో జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి అడ్డుపడతాయి. నిద్రకోసం వాడే ఆల్‌ప్రజోలమ్ కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది. అలాగని దాన్ని సొంతంగా ఉన్నట్టుండి మానేయకూడదు, అది ఇంకా ప్రమాదం. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మతిమరుపు ఎప్పుడు మొదలైందో, ఏ పనిలో తేడా వచ్చిందో కూడా రాసుకుని వెళితే మంచిది.

చెవుల సంగతి చాలామందికి తట్టదు. సగమే వినిపించిన మాట గుర్తుండమంటే ఎలా ఉంటుంది? డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి జ్ఞాపకశక్తి క్షీణించే జబ్బుల మీద, లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మనం సరిచేసుకోగలిగిన 14 కారణాల్లో వినికిడి లోపాన్నీ చేర్చింది. బీపీ, షుగర్, పొగతాగడం కూడా అందులో ఉన్నాయి. అన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని ఆ నివేదిక అంచనా.

రెండు సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయకూడదు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, పక్షవాతమో అయి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బాత్రూంలో జారిపడి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మతి తప్పినట్టు ఉంటే, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరిందేమో స్కాన్ తీసి చూడాలి.

అన్నీ చూశాక అల్జీమర్సే అని తేలిన ఇళ్లూ ఉంటాయి. అక్కడ ఒక అలవాటు వెంటనే మానుకోవాలి. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ మంచం పక్కన కూర్చుని "నేనెవరో చెప్పు చూద్దాం" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ పేరు తట్టక ఆ ముసలి ముఖం చిన్నబోతుంది. "అత్తయ్యా, నేను మీ తమ్ముడి కూతుర్ని, వరంగల్ నుంచి వచ్చాను" అని మనమే చెప్పేస్తే సరిపోతుంది. కొత్త సంగతులను నమోదు చేసే హిప్పోకాంపస్ ఈ జబ్బులో తొలినాళ్లలోనే దెబ్బతింటుంది, పాతవి మరికొంత కాలం నిలుస్తాయి. అందుకే పొద్దున ఏం తిన్నారని అడగకుండా, చిన్నప్పటి ఊరి గురించో, పెళ్లినాటి సంగతులో కదిపితే వాళ్లే మాట అందుకుంటారు.